మా పత్తి లారీకి మెయిన్ స్విచ్చి

కారెంపూడి దాటాక రోడ్డు పక్కన కాలిపోయిన ఆ లారీని నేను చూడలేదు. దాని డ్రైవరు చేతుల్ని చూశాను. గురజాల ఆసుపత్రి వరండాలో మోచేతుల దాకా కట్లతో కూర్చుని ఉన్నాడు. వాళ్లావిడ అన్నం ముద్దలు కలిపి నోట్లో పెడుతోంది. మా ఆయనకు స్నేహితుడు కాబట్టి ఇద్దరం చూడ్డానికి వెళ్లాం. పత్తి కుక్కిన పెద్ద గోతాలు, బోరేలు, నింపుకుని పోతుంటే కేబిన్లో వైర్లు ఒకదానికొకటి రాసుకుని మంట లేచిందట. బ్యాటరీ తీగ ఊడదీస్తే మంట ఆగుతుందని అతనికి తెలుసు. ఊడదీయడానికి పానా కావాలి. పానా సీటు కింద ఉంది, సీటు అంటుకుంది. చివరికి ఒట్టి చేతులతో ఆ తీగ పట్టుకుని గుంజాడు. తీగ ఊడి వచ్చేసరికి వెనకాల పత్తి కూడా అంటుకుంది.

"చేతులు కాలినాక ఆకులు పట్టుకోడమంటే ఇదేనమ్మా," అని అతనే నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. మా ఆయన తోలేదీ పత్తి లారీయే. అదే రోడ్డు, అవే బోరేలు. మా బండిలో వైర్లు ఇంకా పాతవి. అతుకు మీద అతుకు వేసి, టేపు చుట్టి చుట్టి, మా అత్త పాత చీర అంచుతో కూడా ఒకచోట కట్టి ఉంచారు. పైగా వారంలో ఎక్కువ రాత్రులు ఆయన పడుకునేది ఇంట్లో కాదు, ఆ కేబిన్లోనే, ఆ వైర్ల పక్కనే.

దారిలో అడిగాను, "ఏమయ్యా, మన లారీకి మెయిన్ యాడుంది?"

"లారీకి మెయినేందే? ఇల్లనుకున్నావా?"

"ఇంటికన్నా ఎక్కువేగా నీకు."

ఆయన నవ్వేసి బీడీ ముట్టించుకున్నాడు. ఆయనలో నాకు నచ్చే గుణం, నచ్చని గుణం రెండూ ఆ నవ్వే. దేన్నీ మనసుకు పట్టించుకోడు.

నేను మాత్రం అలా పెరగలేదు. మా నాన్న దాచేపల్లి వైపు ఒక సిమెంటు ఫ్యాక్టరీలో కరెంటు పని చేసేవాడు. వాళ్లకొక పద్ధతి ఉండేది. ఏ మోటారు దగ్గర పని చేసినా ముందు మెయిన్ తీసి, దాని ఫ్యూజు పీకి, ఎవడు పనిలో దిగుతాడో వాడే దాన్ని జేబులో వేసుకోవాలి. పని అయి వాడు బయటికొచ్చి తన చేత్తో పెడితేనే మళ్లీ కరెంటు. మేనేజరు అడిగినా ఇవ్వకూడదు. నాన్న అప్పుడప్పుడు మరిచిపోయి ఆ ఫ్యూజును జేబులోనే ఇంటికి తెచ్చేవాడు. వెనకాలే ఒక మనిషి సైకిల్ మీద రొప్పుకుంటూ వచ్చి పట్టుకుపోయేవాడు. అమ్మ తిట్టేది. నాన్న మాత్రం, "ఫ్యాక్టరీ ఆగితే మళ్లీ నడుస్తది, మడిసి ఆగితే నడవడు," అనేవాడు.

ఆ ఆదివారం ప్రార్థన కాగానే బస్సెక్కి దాచేపల్లి వెళ్లాను. నాన్నకు విషయం చెప్పాను. సున్నపురాయి క్వారీల్లో రాళ్లు నెట్టే డోజర్లకు బ్యాటరీ స్విచ్చి ఉంటుందని, పాడైన డోజర్ని ఎవరో తుక్కు కింద కొన్నారని చెప్పి తువ్వాలు భుజాన వేసుకుని బయల్దేరాడు. సాయంత్రానికి తెచ్చాడు. అరచేతిలో పట్టేంత ఇనప ముద్ద, దానికి ఎర్ర పిడి ఉన్న తాళంచెవి. చెవి తిప్పితే లోపల టక్కుమని శబ్దం. తిప్పి బయటికి లాగేసుకోవచ్చు కూడా. కిరసనాయిలుతో కడిగి, లోపలి రాగి ముక్కల్ని గరుకు కాగితంతో రుద్ది నా చేతిలో పెట్టాడు.

"దీన్ని అందేచోట పెట్టించు. అందనిచోట పెట్టిన స్విచ్చి ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే," అన్నాడు.

ఇంటికి తెచ్చి మా అత్తకు చూపించాను. ఎందుకంటే లారీ ఆమె పేరు మీద ఉంది. మా మామగారు పోయాక ఇళ్లల్లో వడ్లు దంచి, మిరపకాయల కోతలకు పోయి కొడుకును పెంచిన మనిషి. లారీ కొన్నాక దానికి ఒక బోల్టు బిగించాలన్నా ఆమె ప్రార్థన చెయ్యాల్సిందే. స్విచ్చిని అటూ ఇటూ తిప్పి చూసి, "మంచిదేనంటావా?" అంది. మంచిదేనన్నాను. "సరే, నేనూ వత్తా," అంది. అంత తేలిగ్గా ఒప్పుకుందేమిటా అని నాకే ఆశ్చర్యం వేసింది. అక్కడే నేను అనుమానించి ఉండాల్సింది.

మా లారీకి వైరింగు పని అంతా నరసరావుపేటలో ఒక ముసలి మేస్త్రి చేసేవాడు. ముస్లిం ఇంటి మనిషి. మా ఆయన భాయ్ అనేవాడు, నేను బాబాయ్ అనేదాన్ని. రేకుల షెడ్డు, ముందర వేపచెట్టు నీడ, చెట్టుకు వేలాడే పాత హారన్లు. ఆయన చేతిలో పడని బండి పల్నాడులో లేదని మా ఆయన అంటుండేవాడు. ఆయనకొక అలవాటు. ఏ లారీ కొత్తగా వైరింగుకు వచ్చినా మొట్టమొదట కేబిన్లో దేవుడి బల్బుకు తీగ లాగేవాడు. వెంకటేశ్వరస్వామి పటం ఉంటే దానికి, మసీదు బొమ్మ ఉంటే దానికి, మా బండిలో అయితే కొయ్య సిలువకు. ఆ బల్బు మాత్రం ఏ స్విచ్చికీ లోబడదు. నేరుగా బ్యాటరీకి పోతుంది. "మనం పడుకున్నా ఆయన మేలుకోవాలిగా," అనేవాడు. ఊళ్లో మేస్త్రులందరిదీ అదే పద్ధతి. బండి షెడ్డులో నెలరోజులు పడున్నా ఆ బల్బు వెలుగుతుండాలి. అది ఆరితే ఏదో కీడని డ్రైవర్లందరి నమ్మకం.

స్విచ్చిని చూసి బాబాయ్ మెచ్చుకున్నాడు. పొద్దున మొదలుపెట్టాడు. ఎక్కడ పెట్టాలో నేను చెప్పాను. ఎడమ సీటు కాళ్ల దగ్గర, పక్కకు ఒరిగి పడుకున్నవాడికి కూడా చెయ్యి చాపితే అందేలా. "ఏం అమ్మాయ్, మేస్త్రివి నువ్వా నేనా?" అని నవ్వుతూనే అక్కడే బిగించాడు.

బ్యాటరీకి రెండు లావు తీగలు. ఒకటి కరెంటును లారీకి ఇస్తుంది. రెండోది లారీ ఇనుములోంచి దాన్ని మళ్లీ బ్యాటరీకి తెస్తుంది, దాన్ని ఎర్తు అంటారు. బాబాయ్ ఆ రెండో తీగను కోసి మధ్యలో స్విచ్చి పెట్టాడు. తాళం తిప్పితే తిరుగుదారి మూతపడి కరెంటు ఎక్కడిదక్కడ ఆగాలి. ఒక జాగ్రత్త కూడా చెప్పాడు. "ముందు ఇంజను ఆపాలి, తర్వాతే తాళం. ఇంజను తిరుగుతన్నంత సేపూ డైనమో కరెంటు పోత్తానే ఉంటది." మా ఆయనతో రెండు మూడుసార్లు అనిపించాను. చిరాకు పడ్డాడు కానీ అన్నాడు.

మధ్యాహ్నానికి అయిపోయింది. బాబాయ్ తాళం తిప్పాడు. టక్కుమంది. డ్యాష్ బోర్డు మీద లైటు ఆరిపోయినంతగా మసకబడింది. సిలువ మీద బల్బు మాత్రం వెలుగుతూనే ఉంది. దానికి తిరుగుదారి కూడా వేరే సన్న తీగతో నేరుగా బ్యాటరీకే లాగాడట. మా అత్త ముఖం విప్పారింది. చేతులు జోడించి, "చూశావా? అన్నీ ఆరిపోయినా ప్రభువు దీపం ఆరలా," అంది. అప్పుడర్థమైంది ఆమె అంత తేలిగ్గా ఎందుకు ఒప్పుకుందో. ఆ బల్బు సంగతి బాబాయితో ముందే మాట్లాడుకుంది.

బల్బు వెలుగుతోందంటే కేబిన్లో కరెంటు ఉన్నట్టే కదా. హెడ్ లైట్ల స్విచ్చి నొక్కాను. వెలగకూడదు. ఎర్రగా, రోగిష్టి కళ్లలాగా వెలిగాయి.

"బాబాయ్, ఇది చావలా. బతికే ఉంది," అన్నాను.

ఆయన వచ్చి చూశాడు. కనుబొమ్మలు ముడిపడ్డాయి. మా ఆయనకు ఇదంతా తమాషాగా ఉంది. "బతికుంటే బండి కూడా కదలాలిగా, చూద్దాం," అంటూ స్టార్టు బటన్ నొక్కేశాడు. "వద్దు!" అని బాబాయ్ అరిచేలోపే సిలువ వెనకాల సన్న తీగ చిటపటమంది. ఒక్క క్షణంలో దాని మీది రబ్బరు కరిగి పొగ లేచింది. బాబాయ్ చేతికి తువ్వాలు చుట్టుకుని దాన్ని పీకేశాడు. బల్బు ఆరిపోయింది.

జరిగిందేమిటో ఆయనే చెప్పాడు. బల్బు హోల్డరు రేకుది. స్క్రూతో కేబిన్ ఇనుముకు బిగించి ఉంది. పెద్ద దారి మూసేసరికి లారీ కరెంటంతా ఆ సన్న తీగ మీద పడి తిరిగొచ్చింది. పెద్ద గేటుకు తాళం వేసి దొడ్డిగుమ్మం తెరిచిపెట్టినట్టయింది. "ఎన్ని బండ్లకు లాగానో ఇట్టా. ఎప్పుడూ మెయిన్ స్విచ్చి లేదు గదా, తెలవలా," అన్నాడు. తల వంచుకోలేదు, సాకులు చెప్పలేదు. "దేవుడి తీగ కూడా తాళం కిందికే రావాల. అంతే దారి," అన్నాడు.

మా అత్తకు ఆ మాట చెవిన పడలేదు. ఆరిపోయిన బల్బునే చూస్తోంది. ఆమె ముఖం పాలిపోయి, తర్వాత ఎర్రబడింది.

"తీసెయ్యి భాయ్. ఆ దిక్కుమాలిన స్విచ్చి తీసెయ్యి. నా దీపం ఆర్పింది అది."

"దీపం ఆర్పింది స్విచ్చి కాదత్తా, ఆ తీగ."

"నువ్వు నోరు ముయ్యి! లారీ ఎవురిది?"

లారీ ఆమెదే. బాబాయ్ పానా చేతిలోకి తీసుకుని నా వైపు, ఆమె వైపు చూశాడు. మా ఆయన ఎప్పటిలాగా టైరు చూసే నెపంతో బండి వెనక్కి జారుకున్నాడు. నాకు ఎక్కడ లేని కోపం వచ్చింది. కేబిన్లోకి ఎక్కి ఎర్ర తాళంచెవి పీకి, చీర కొంగుకు ముడేసి, కొంగు బొడ్లో దోపుకున్నాను.

"ఇప్పుడు తియ్యమను. తాళం నా దగ్గరుంది. పనిలో దిగినోళ్లు బయటికొచ్చేదాకా ఇయ్యకూడదు, అది మా నాన్న నేర్పిన పద్ధతి. నా మొగుడు రోజూ దిగుతున్నాడు ఆ పనిలో."

"అత్త మీద కోపం దుత్త మీద చూపిత్తారు. నువ్వు ఏకంగా లారీ మీద చూపిత్తన్నావేందే?" అంది. ఏడుస్తోందో తిడుతోందో తెలియలేదు.

బాబాయ్ పానా కింద పెట్టేశాడు. "మీరిద్దరూ తేల్చుకోండి తల్లీ. దేవుడి తీగ పెద్దమ్మ చెప్పందే ముట్టను, తాళం అమ్మాయి ఇయ్యందే ముట్టను," అని టీ తాగడానికి పోయాడు. గురజాలలో లోడు ఎదురుచూస్తోంది. లారీ మాత్రం వేపచెట్టు కింద చచ్చిన పశువులా నిలబడి ఉంది. నేను ముందు చక్రం పక్కన బండరాయి మీద కూర్చున్నాను. మా అత్త షెడ్డు అరుగు మీద కూర్చుంది. ఎండ అటు నుంచి ఇటు తిరిగింది. ఇద్దరం అన్నం తినలేదు. పట్టిన కుందేలుకు మూడే కాళ్లని మా ఇద్దరికీ ఒకేచోట పాఠం చెప్పినట్టుంది. మా ఆయన వచ్చి అరటిపళ్లు ఇచ్చాడు. నేను తీసుకోలేదు. వాళ్లమ్మా తీసుకోలేదు. ఆయనే తినేశాడు.

చివరికి ఆమే లేచి వచ్చి నా పక్కన కూర్చుంది. తిడుతుందనుకున్నాను. నేల చూస్తూ మాట్లాడింది.

మామగారు లారీ ప్రమాదంలో పోయారని మాత్రమే నాకు తెలుసు. ఆ ఇంట్లో అంతకుమించి ఎవరూ మాట్లాడేవాళ్లు కాదు. ఆ రోజు మొదటిసారి విన్నాను. ఆయన ఎవరిదో లారీ తోలేవాడు. రాత్రిపూట దారిలో బ్యాటరీ చచ్చి బండి ఆగిపోయింది. ముందర లైటు లేదు, వెనక లైటు లేదు, లోపల దేవుడి బల్బు కూడా లేదు. ఏమైందో చూద్దామని దిగి వెనక్కి వెళ్లాడు. వెనకాల నుంచి ఇంకో లారీ వచ్చింది. దానికి ఈ బండి కనపడలేదు, బండి వెనకున్న మనిషీ కనపడలేదు.

"చీకటి బండి సంగతి నీకు తెలవదే. చీకటి బండి అంటే సమాధి. నా కొడుక్కి లారీ కొనేటప్పుడే మొక్కుకున్నా, నా బండి యాడ ఆగినా ఒక్క దీపమన్నా వెలుగుతుండాలని. నువ్వేమో అన్నీ ఆర్పే మరనే తెచ్చావు."

పొద్దుటి నుంచి ఆమెది మూఢనమ్మకమని మనసులో ఎన్ని మాటలనుకున్నానో. కన్నీళ్లు వచ్చాయి. ఆమె చెయ్యి పట్టుకున్నాను. కానీ తాళం మాత్రం ఇవ్వలేదు. ఆస్పత్రి వరండాలో అన్నం ముద్దలు కలిపి పెడుతున్న ఆ ఆడమనిషి నా కళ్ల ముందు నుంచి పోలేదు.

"అత్తా, నువ్వు చీకటికి భయపడతన్నావు. నేను నిప్పుకు భయపడతన్నాను. రెండూ ఒక్కడి కోసమేగా. దీపం వెలగాల, కానీ లారీ కరెంటుతో వెలగకూడదు. దానికి సొంత కరెంటు ఇద్దాం."

"సొంతదంటే?"

టార్చిలైటు చూపించాను. బాబాయ్ షెడ్డులోనే మేకుకు వేలాడుతోంది. ఆయన టీ తాగి వచ్చి విన్నాడు, గడ్డం గోక్కున్నాడు, కళ్లు మెరిశాయి. టార్చి సెల్స్ పట్టే రేకు డబ్బా చేసి, కొయ్య సిలువ వెనకాల బిగించి, చిన్న టార్చి బల్బు పెట్టాడు. లారీకీ దానికీ తీగ సంబంధం లేదు. కావాలంటే సిలువను కేబిన్లో దాని మేకు నుంచి తీసి చేత్తో పట్టుకోవచ్చు. మా అత్త దాన్ని మేకు నుంచి తీసి, మళ్లీ తగిలించి చూసింది.

"సెల్స్ అయిపోతే?"

"నేను మారుస్తా."

"ప్రభువుకు ఇంత సన్న వెలుగా?"

"సన్నదైనా ఆయన సొంతం పెద్దమ్మా," అన్నాడు బాబాయ్. "ఇన్నాళ్లూ మన లారీ దగ్గర అరువు తెచ్చుకుని వెలిగాడు."

దానికి ఆమె కొంచెం నవ్వింది. కొంగు ముడి విప్పి తాళం ఇచ్చాను. బాబాయ్ పెట్టి తిప్పాడు, మళ్లీ ఆపాడు. ఈసారి హెడ్ లైట్లు నొక్కితే ఏమీ లేదు, హారన్ నొక్కితే ఏమీ లేదు. లారీ చచ్చింది. సిలువ వెలిగింది. మా అత్త ఒక షరతు పెట్టింది. మొదటి లోడుకు తనూ బండిలో వస్తానంది. ఆమె వస్తే నేను ఆగుతానా?

మర్నాడు గురజాలలో పత్తి ఎక్కించుకుని, చిలకలూరిపేటలో గింజ తీసే జిన్నింగ్ మిల్లుకు బయల్దేరాం. క్లీనరు ఏదో పెళ్లికి పోయాడు. మా ఆయన స్టీరింగ్ దగ్గర, నేను మధ్యలో, ఎడమ సీట్లో మా అత్త. పిడుగురాళ్ల దాటేసరికి పొద్దుగూకింది. ఆయన పాటలు పాడుతున్నాడు. ఒక ఎత్తు రోడ్డు ఎక్కుతుండగా నా మోకాళ్ల ముందు, డ్యాష్ బోర్డు కింద నుంచి కాలిన రబ్బరు వాసన వచ్చింది. ఆ వెంటనే పొగ.

"ఏమయ్యా!"

ఆయన పాట ఆగింది. బండిని పక్కకు తీసి, ఇంజను ఆపే పిడి లాగాడు. ఇంజను ఆగింది. బ్రేకు మీద నుంచి కాలు తియ్యలేడు, తీస్తే ఆ పల్లంలో లోడు బండి వెనక్కి జారుతుంది. హ్యాండ్ బ్రేకు పేరుకే ఉంది. పొగలో చిన్న మంట నాలుక కనపడింది. మా వీపు వెనకాలే పత్తి.

"తాళం!" అని అరిచాడు.

నేను వంగేలోపే మా అత్త చెయ్యి అక్కడ ఉంది. టక్కుమంది. సిలువ మీది సన్న వెలుగు తప్ప లారీ మొత్తం చీకటైపోయింది. ఆయన తువ్వాలుతో డ్యాష్ బోర్డు కింద కొట్టాడు. కరెంటు లేని మంట ఎంతసేపుంటుంది, ఆరిపోయింది. నేను దూకి రాయి వెతికి వెనక చక్రం కింద తోశాను. కేబిన్లోకి ఎక్కి ఆయన రెండు చేతులూ పట్టుకుని తడిమి చూశాను. వేళ్లు, అరచేతులు, మణికట్లు. ఎక్కడా కాలలేదు. "ఏందే, నా చేతులకేం కాలేదు," అన్నాడు. ఆయన గొంతులో మొదటిసారి నవ్వు లేదు.

తర్వాత చూస్తే ఎడమ సీట్లో మా అత్త లేదు. మేకు మీద సిలువా లేదు.

దిగి వెనక్కి పరిగెత్తాను. బోరేల గోడ దాటాక, రోడ్డు మీద చాలా దూరంలో ఆమె నిలబడి ఉంది. రెండు చేతులతో సిలువను పైకెత్తి పట్టుకుంది. పల్లంలో నుంచి ఒక లారీ వస్తోంది. దాని వెలుగులో ఆమె తెల్లచీర మెరిసింది. ఆమె పక్కకు జరగలేదు. ఆ లారీ హారన్ కొట్టింది, వేగం తగ్గించింది, డ్రైవరు ఏదో తిట్టుకుంటూ మమ్మల్ని తప్పించుకుని వెళ్లిపోయాడు.

"అత్తా, నువ్వు బండి దగ్గరికి రా. నేను నిలబడతా."

ఆమె నా వైపు తిరగలేదు. చూపు రోడ్డు మీదే ఉంది.

"నువ్వు వాడికాడికి పో. ఈడ నేనుంటా. ఆ రోజు మీ మామ ఎనకాల నిలబడటానికి ఎవురూ లేరు."

మా ఆయన కాలిన తీగ కోసి, అతుకు వేసి బండి స్టార్టు చేసేదాకా ఆమె అక్కడి నుంచి కదల్లేదు. నేనూ ఆమె పక్క నుంచి కదల్లేదు.